కూకున్న వాటా

నిరుడు వేసవిలో మా ఇంటికి వచ్చినన్ని చేపలు నేను కాపురానికి వచ్చాక ఎప్పుడూ రాలేదు. కూరలు వండుకున్నాం, ఎండబెట్టుకున్నాం, ఇరుగుపొరుగుకి పంచిపెట్టాం. మా మరిది గోవింద్ మాత్రం గుమ్మంలోకి వచ్చిన ఆ బుట్టల్లోంచి ఒక్క ముక్క నోట పెట్టలేదు.

గోవిందుకి పద్దెనిమిదేళ్లు నిండింది ఆ ఏడాదే. ఎత్తూ ఛాతీ వాళ్లన్నకి దీటుగా ఉంటాయి గానీ బుద్ధి ఎదుగుదల నెమ్మది. మాటను వెతుక్కుని వెతుక్కుని బయటికి తీస్తాడు. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. రెండు చెప్పామా, రెండూ మరిచిపోయి నవ్వుతాడు. పెళ్లయిన కొత్తలో ఊళ్లో వాళ్లు వాడిని ఎర్రోడు అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. కుళాయి దగ్గర ఒకరిద్దరిని కడిగి పారేశాక నా ముందు ఆ మాట అనడం మానేశారు. మాట పడి ఊరుకునే రకం కాదు నేను.

ఇలాంటి పిల్లల కోసం మండల కేంద్రంలో ఒక బడి ఉంది. చిన్నప్పటి నుంచీ గోవింద్ ఆటోలో అక్కడికి వెళ్లొచ్చేవాడు. పద్దెనిమిది నిండితే ఇక అక్కడ చోటు లేదు. మార్చి చివర్లో వాడి టీచరు షాలిని కబురు పెట్టింది, వాడి ముందు సంగతి మాట్లాడుకోవాలి, ఇంటిల్లిపాదీ రమ్మని. ఇంటిల్లిపాది అంటే మా అత్త కూర్మమ్మ, నేను. మావ పోయి చాలా కాలమైంది. మా ఆయన నరేష్ గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నాడు.

షాలినిది సాలూరు. వాళ్ల నాన్న లారీ డ్రైవరట. మనిషి సన్నగా ఉంటుంది గానీ పట్టుదల గట్టిది. మమ్మల్ని కూర్చోబెట్టి, మమ్మల్ని కాదని వాడినే అడిగింది.

"గోవిందూ, బడి అయిపోయాక ఏం పని చేస్తావు?"

"ఆడికేటి తెలుస్తాది టీచరమ్మా, నన్నడుగు," అంది అత్త. "నా ఊపిరున్నన్నాళ్లు నాను సూసుకుంటాను. నాను పోయినాకే ఆడి గతేటని."

"మీరూ చెబుదురు గాని కూర్మమ్మగారూ. ముందు వాడు చెప్పాలి."

అంతకు ముందే నౌపడలో ఉప్పు సంచులు కుట్టే పనికి వాడిని తీసుకెళ్లి చూసిందామె. అక్కడ వాడు గోడకి ముఖం పెట్టి నిలబడిపోయాడు. అందుకే ఈసారి తొందరపెట్టకుండా వాడి నోటి వంక చూస్తూ కూర్చుంది. గోవింద్ కాసేపు కాళ్లు ఊపాడు. తర్వాత రెండు చేతులూ ముందుకి చాచి, గుప్పిళ్లు బిగించి, వెనక్కి లాగాడు.

"తాడు," అన్నాడు. "పెద్దయ్య తాడు."

పెద్దయ్య అంటే మావకి అన్న, పోతురాజు పెద్దమావ. ఊళ్లో అలివి వలకి ఆయనే పెద్ద. అలివి వలని తెప్ప మీద తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వస్తారు. దాని రెండు తాళ్లనీ ఒడ్డున రెండు బారులు తీరి జనం లాగుతారు. తాడు మీద చెయ్యి వేసినవాడికల్లా పడిన చేపలో వాటా.

అది కాక ఈ ఊళ్లో ఇంకో వాటా ఉంది. మా పుట్టిల్లు భోగాపురం వైపు. అక్కడ అలాంటిది నేను వినలేదు. మగదిక్కు పోయిన ఆడవాళ్లకి, కాలో చెయ్యో పడిపోయిన వాళ్లకి గంగమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి ఒక వాటా ఇస్తారు. తాడు లాగక్కర్లేదు. ఇంట్లో కూర్చుంటే చేప ఇంటికి వస్తుంది, ప్రాణం పోయేదాకా వస్తుంది. దాన్ని కూకున్న వాటా అంటారు. ఒక్కటే కట్టుబాటు. ఆ వాటా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు మళ్లీ తాడు ముట్టకూడదు. ముట్టుకుంటే ఇచ్చింది చాలలేదని గంగమ్మని నిందించినట్టు. మావ పోయిన నాటి నుంచి అత్త తన ఇద్దరు పిల్లల్నీ పెంచింది ఆ చేపతోనే.

ఏప్రిల్ సగంలో, చేపలు గుడ్లు పెట్టే రెండు నెలల వేట నిషేధం వచ్చింది. ఇంజిన్ తెప్పలన్నీ ఇసకలోకి ఎక్కాయి. ఇంజిన్ లేని అలివి వలకి ఆ నిషేధం లేదు కాబట్టి ఊళ్లో కుర్రాళ్లంతా దాని తాళ్ల మీదే పడ్డారు. ఇదే మంచి సమయం అంది షాలిని. పక్కన పదిమంది ఉంటారు, వాడు తడబడినా పట్టుకుంటారు అంది. ఎండలో గొడుగు వేసుకుని రేవుకి వచ్చి పెద్దమావ ముందు నిలబడింది. నేనూ వెంట వెళ్లాను.

"ఇప్పటికే సేతులెక్కువైపోనాయి టీచరమ్మా," అన్నాడు పెద్దమావ వల సర్దుకుంటూనే. "ఇంకో సెయ్యేత్తే అందరి వాటా పలసనయిపోతాది."

"సగం వాటాయే ఇవ్వండి. ఈ రెండు నెలలూ చూడండి."

"ఆడికి ఒగ్గీమంటే ఒగ్గడం రాదమ్మా. తాడు లాగీవోడికి పట్టుకోడం కన్నా ఒగ్గడం తెలవాల."

"అది నేర్పుతాను."

నేర్పింది కూడా. పక్కన నిలబడే వెంకీకి చెప్పింది. వాడు మా పినమావ కొడుకు, మంచి గుంటడు. గోవింద్ భుజం మీద ఒక్కసారి తడితే లాగాలి, రెండుసార్లు తడితే వదిలెయ్యాలి. ఇసకలో ఒట్టి తాడు పరిచి, ఒక కొసన ఆమె, మరో కొసన గోవింద్. చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్లు దోపుకుని టీచరమ్మ తాడు లాగుతుంటే రేవంతా చేరి వినోదం చూసింది. ఆమె ఒక్కర్నీ లెక్కచెయ్యలేదు.

చివరికి పెద్దమావ గడ్డం గోక్కుని అన్నాడు. "సరే. నిసేదం తీసీదాకా సూత్తాను. నిలబడితే ఆ తరవాత నిండు వాటా. అప్పుడిక మొగోడి కిందే లెక్క."

మొదటి రోజు మధ్యాహ్నం గోవింద్ తువ్వాల్లో నెత్తళ్లు మూటగట్టుకుని ఇంటికి వచ్చాడు. ఒంటినిండా ఇసక. మూట అత్త ఒళ్లో పెట్టి నిలబడ్డాడు.

"నాను తెచ్చాను," అన్నాడు.

ఆ రోజు అత్త పులుసు పెడితే, మా ఇద్దరి కంచాల్లో వాడే వడ్డించాడు. మేం మొదటి ముద్ద మింగేదాకా తన కంచం ముట్టలేదు. "నాను తెచ్చాను," అని మళ్లీ చెప్పాడు, మేం ఎక్కడ మరిచిపోతామో అన్నట్టు. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పులుసు కారంగా ఉందని చెప్పి తుడుచుకున్నాను.

అక్కడి నుంచి వాడి నడకే మారిపోయింది. తెల్లారకముందే లేచి, తలకి తువ్వాలు చుట్టుకుని, వాళ్లన్న కూర్చున్నట్టే గుమ్మంలో గొంతుక్కూర్చునేవాడు. రేవులో టీ కొట్టు రాణి అదివరకు వాడికి ఊరికే ఒక బిస్కెట్ చేతిలో పెట్టి పంపేసేది. అప్పటి నుంచి మగవాళ్లతో పాటు గాజు గ్లాసులో టీ పోసి ఇచ్చేది. నేను వేళాకోళానికి, "ఏవయ్యా మరిదీ, నాకో చందువ తెస్తావా?" అంటే, "వలలో పడాల," అని పెద్దమనిషిలా తల ఊపేవాడు. వేరావల్ నుంచి మా ఆయన ఫోన్ చేస్తే వాడే లాక్కుని, "అన్నా, నాను లాగుతన్నాను," అని ఒకే మాట చెప్పి ఇచ్చేసేవాడు. అవతల మా ఆయన ఆ మాటే మళ్లీ నాతో చెప్పించుకునేవాడు.

అత్త అందరికీ నవ్వుతూనే చెప్పుకునేది. కానీ వాడు రేవుకి వెళ్లిన దగ్గర నుంచి తిరిగొచ్చేదాకా ఆమె గుమ్మం దిగేది కాదు. కన్నకడుపు సంగతి కన్నవాళ్లకే తెలియాలి.

మే నెల మధ్యలో వెంకీ ఏదో పెళ్లికని గజపతినగరం వెళ్లాడు. ఆ రోజు గోవింద్ పక్కన నిలబడ్డ కుర్రాడికి భుజం తట్టాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. వల సగం దూరం వచ్చాక నీటి వాలు మారి ఒక్కసారిగా వెనక్కి గుంజింది. "ఒగ్గీండెహే!" అని పెద్దమావ కేక వేశాడు. బారు బారంతా వదిలేసింది. గోవింద్ వదల్లేదు. తాడు వాడిని బోర్లా పడేసి అలల్లోకి ఈడ్చుకుపోయింది.

నలుగురు దూకి పట్టుకొచ్చారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ రెండు అరచేతుల తోలూ ఊడొచ్చేసింది. ఇంటికి మోసుకొచ్చి అరుగు మీద కూర్చోబెడితే, వాడు ఆ చేతులు రెండూ అత్తకి చూపించాడు. నొప్పికి ఏడుస్తూనే ఉన్నాడు, గర్వంగానూ ఉన్నాడు.

"నాను ఒగ్గలేదమ్మా," అన్నాడు.

అత్త కొబ్బరి నూనెలో పసుపు కలిపి రాసింది. ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాం. మర్నాడు షాలిని వచ్చింది.

"తప్పు వాడిది కాదు కూర్మమ్మగారూ. పక్కన ఒక్క వెంకీనే పెట్టాం, ఇద్దరిని పెట్టాల్సింది. పుళ్లు మానాక మళ్లీ మొదలుపెడదాం. ఇక నాలుగు వారాలు నిలబడితే చాలు."

అత్త ఆమెకి మజ్జిగ ఇచ్చింది. తాగాక గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మంగళవారం నేను ఎండుచేప తట్టతో సంతకి వెళ్లి వచ్చేసరికి అత్త గుమ్మంలో ఎదురుచూస్తోంది. నుదుట ఇంత విబూది, చేతిలో కొబ్బరి చెక్క. ఎన్నాళ్లకో ఆమె ముఖం తేటగా కనిపించింది.

"సాధించానే ఉషా!" అంది. "గంగమ్మ కాడ పెద్దోలందరి కాళ్లమీదా పడ్డాను. నా కూకున్న వాటా నాకొద్దు, నా గుంటడి పేరు మీద కాయ కొట్టండి అన్నాను. పోతురాజు బావ కళ్లనీలెట్టుకున్నాడు. కొట్టేశారు! ఇంక నాను రేపు పోయినా, ఎల్లుండి పోయినా, ఆడి కంచంలో సేప ఉంటాది."

నేను తట్ట దించాను. "మరి తాడో, అత్తా?"

"తాడేటి?"

"కూకున్న వాటా తింటే తాడు ముట్టకూడదు కదా."

"ఓలమ్మ, నీకన్నీ అనుమానాలే. ఆ కట్టుబాటు మనలాటోలకి. ఆడికి తాడంటే ఆట. బావ ఏమైనా పరాయోడేటి? ఆడుకోనిత్తాడు."

కొబ్బరి చెక్క పగలగొట్టి నా నోట్లో ముక్క పెట్టింది. ఆ రాత్రి అత్త ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఊరంతా ఆమెని మెచ్చుకుంది. తల్లంటే కూర్మమ్మ అన్నారు.

పుళ్లు మానేసరికి జూన్ వచ్చింది. కట్టు విప్పిన మర్నాడే గోవింద్ తలకి తువ్వాలు చుట్టుకుని బయల్దేరాడు. నేను చద్దన్నం క్యారేజీ మరిచిపోయాడని వెనకే పరిగెత్తాను. నేను రేవుకి చేరేసరికి బారు తీరిపోయింది. వెంకీ పక్కన తన చోట్లో నిలబడి తాడు అందుకున్నాడు గోవింద్. పెద్దమావ బారు పొడుగునా నడుచుకుంటూ వచ్చి వాడి ముందు ఆగాడు. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పి తాడు విడిపించాడు. దురుసుగా కాదు. చంటిబిడ్డ చేతిలోంచి కత్తి తీసుకున్నంత మెత్తగా తీసుకున్నాడు.

"నువ్వు కూకోరా బాబూ. నీ వాటా నీకొచ్చెత్తాది."

"నాను లాగుతాను, పెద్దయ్యా."

"నీకింక లాగక్కర్నేదురా. నిండు వాటాయే వస్తాది."

గోవింద్ ఆలోచించాడు. ఆలోచించి, చేతుల వల్లే వద్దంటున్నాడని అనుకున్నాడు. రెండు అరచేతులూ చాచి, కొత్త చర్మం వచ్చిన చోటు కనపడేలా ఆయన ముఖం ముందు పెట్టాడు.

"తగ్గిపోనాది," అన్నాడు.

పెద్దమావ సముద్రం వైపు తిరిగిపోయి, "లాగండ్రా!" అని అరిచాడు. బారు వెనక్కి అడుగు వేసింది. ఎవరో వాడిని పక్కకి జరిపారు. వాడు చేతులు అలా చాచుకునే నిలబడ్డాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే నాతో వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం వెంకీ బుట్టనిండా కవళ్ల చేపలు తెచ్చి గుమ్మంలో దింపాడు. అత్త ముచ్చటపడి వేపుడు చేసింది. గోవింద్ కంచంలో ముక్కలు వేస్తే ఒక్కొక్కటీ ఏరి అంచున పెట్టి, వట్టి అన్నం తిన్నాడు.

"తినరా, నీదే," అంది అత్త.

"నాను తేలేదు," అన్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తెల్లవారి లేవడం మానేశాడు. తువ్వాలు చుట్టుకోవడం మానేశాడు. రోజంతా పెరట్లో బట్టలారేసే తాడు ఊడదీసి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. దగ్గరికి వెళ్తే నవ్వేవాడు కాదు. సరిగ్గా ఆ ఏడే చేప విరగబడింది. రోజూ బుట్ట వచ్చేది. బుట్ట చప్పుడు వింటే అత్త ముఖం మాడిపోయేది.

నేనే షాలినికి ఫోన్ చేశాను. ఆమె పెద్దమావ దగ్గరికి వెళ్లి చాలాసేపు వాదించింది. ఆయన విసుక్కోలేదు.

"ఈ కట్టుబాటు నాను పెట్టింది కాదమ్మా. ఆడికోసం తప్పితే రేపు ఇంకోడు రెండు సేతులా తింటానంటాడు. కొట్టిన కాయ మళ్లీ అతుక్కుంటాదేటి?"

సాయంత్రం అత్త కొంగు భుజం చుట్టూ కప్పుకుని తనే వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన వాకిట్లో నేల మీదే కూర్చుంది.

"తప్పయిపోనాది బావా. ఆడి వాటా ఎనక్కి తీసీసుకో. తాడిచ్చీ."

పెద్దమావ తల అడ్డంగా ఊపాడు. "తల్లిది బిడ్డకి మార్చడం ఒక్కపాలే, కూర్మీ. ఇంక ఆ వాటా మనిషి పోతేనే ఎనక్కొచ్చీది. ఆ మాట నీ నోటితో అనకే."

అత్త రెండు చెవులూ మూసుకుంది. అక్కడి నుంచి ఇంటికి వచ్చేదాకా చెవుల మీద నుంచి చేతులు తియ్యలేదు.

అప్పటిదాకా మా అరుగు మీదే కూర్చున్న షాలినిని ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా వెళ్లాను. నాకు ఆమె మీదా కోపంగానే ఉంది, అత్త మీదా కోపంగానే ఉంది, గంగమ్మ మీద కూడా కోపంగానే ఉంది. ఎవరి మీద నిలబెట్టుకోవాలో తెలియలేదు.

"వాడికి ఏం కావాలో అడిగాను ఉషా," అంది ఆమె. "చక్కగా చెప్పాడు. వాడితో పాటు మీ అత్తగారి భయానికి కూడా ఏదో ఒక దారి చూపించాల్సింది. 'నేను పోయాక?' అని మొదటి రోజే అడిగారావిడ. నేను తర్వాత మాట్లాడదామన్నాను."

ఇంకో పని చూద్దామంది. ఐసు ఫ్యాక్టరీ అంది, కొబ్బరి పీచు అంది. రెండు చోట్లకీ తీసుకెళ్లింది కూడా. రెండు చోట్లా వాడు గోడకి ముఖం పెట్టి నిలబడ్డాడు.

నిషేధం ఇంకో రెండు రోజుల్లో తీరుతుందనగా, తెల్లవారి నేను కళ్లాపి చల్లుతుంటే అత్త చీర ఎగగట్టి, తలకి గోవింద్ తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చింది.

"ఎక్కడికి అత్తా?"

"తాడుకి."

"అరవై దాటినదానివి, నీకేమైనా మతి పోయిందా?"

"నాకు కూకున్న వాటా నేదు కదే ఇప్పుడు," అంది. "నన్నెవుడు కాదంటాడు?"

నిజమే, ఎవరూ కాదనలేకపోయారు. పెద్దమావ ఆమె వంక ఒకసారి చూసి, బారులో గోవింద్ నిలబడే చోటు చూపించాడు. అమ్మ వెళ్లిందని తెలిసి గోవింద్ వెనకే వచ్చాడు. ఎన్నాళ్లకో రేవులోకి అడుగు పెట్టాడు. తడి ఇసక అంచున గొంతుక్కూర్చుని ఆమెనే చూస్తూ ఉన్నాడు. అత్త పళ్ల బిగువున లాగింది. రెండుసార్లు మోకాళ్ల మీద పడింది. పడినప్పుడల్లా వాడు సగం లేచి, పెద్దమావ వంక చూసి, మళ్లీ కూర్చునేవాడు.

వల ఒడ్డుకి వచ్చాక ఇసకలో కుప్పలు పెట్టారు. గోవింద్ పేరు మీద ఒక నిండు కుప్ప, పైన ఒక చందువ కూడా పెట్టారు. అత్తకి సగం కుప్ప. గోవింద్ వచ్చి రెంటినీ చూశాడు. అత్త తల మీది తువ్వాలు తీసుకుని, ఆ సగం కుప్ప అందులోకి ఎత్తి మూటగట్టుకుని బయల్దేరాడు.

"ఒరే గోవిందూ, నీది ఇక్కడ ఒగ్గీసినావురా!" అని వెంకీ కేక వేశాడు. వాడు వెనక్కి చూడలేదు.

ఆ రోజు వాడు చేప తిన్నాడు. ముందు అమ్మకి వడ్డించాడు, తర్వాత నాకు, ఆ తర్వాత తను తిన్నాడు.  తిన్నాక అత్త చేతులు లాక్కుని తిప్పి చూశాడు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి చిట్లిపోయి ఉన్నాయి. లేచి వెళ్లి నూనె గిన్నె, పసుపు తెచ్చాడు. రెండు పనులు, ఎవరూ చెప్పకుండా. వేలితో కలిపి నెమ్మదిగా రాశాడు.

"రేపు నాను లాగుతాను," అన్నాడు. "నువ్వు కూకో అమ్మా."

ఏడాది అయింది. మళ్లీ నిషేధం వచ్చింది, అత్త మళ్లీ తాడు మీదే ఉంది. చేతులు కాయలు కాచాయి, నడుం వంగింది. ఆమె తెచ్చిన చేపే వాడు తింటాడు. గుమ్మంలోకి వచ్చే బుట్ట ముట్టడు. తను పోయాక వాడి కంచంలో చేప ఉంటుందనుకున్నప్పుడు అత్తకి నిద్ర పట్టేది. ఇప్పుడు ఆ ఆలోచనకే పట్టడం లేదు. ప్రతి సాయంత్రం వాడు నూనె గిన్నె తెచ్చుకుని ఆమె ముందు కూర్చుంటాడు, రేపు నేను లాగుతానంటాడు.

"అలగే నాయనా," అంటుంది అత్త. "రేపు."